మా ఎక్స్5 డీజిల్ ప్రాజెక్టు డైరీ: మసి జల్లెడ నుంచి శ్రీశైలం ఘాట్ దాకా

డిసెంబరు, మొదటి వారం

బండి ఇంటికొచ్చింది. బీఎండబ్ల్యూ ఎక్స్5 ఎక్స్‌డ్రైవ్30డి, ఎక్స్‌లైన్ వేరియంట్. 2020 చివర్లో రిజిస్టరైన టీఎస్ నంబరు బండి, రీడింగ్ 78 వేలు. సర్వీసు రికార్డు తిరగేస్తే ఇది రెండు రకాల బతుకులు చూసిందని తెలుస్తుంది. మొదటి మూడేళ్లు హైదరాబాద్–విజయవాడ హైవే మీదే తిరిగింది, 60 వేలకు పైగా అప్పుడే నడిచేసింది. తర్వాత ఓనరు మారారు. జూబ్లీహిల్స్‌లో ఇల్లు, బంజారాహిల్స్‌లో ఆఫీసు, మధ్యలో పిల్లల స్కూలు. ఒక్కో ట్రిప్పు నాలుగైదు కిలోమీటర్లకు మించదు. ఇంజన్ వేడెక్కేలోపే ఇల్లు వచ్చేస్తుంది. డీజిల్ బండికి మొదటి బతుకు ఆరోగ్యం, రెండోది జబ్బు. ఆ రెండో బతుకు మిగిల్చిన మసిని వదిలించి దీన్ని మళ్లీ దూరాలు తిరిగే ఇంటి బండిని చేయాలి. నా ప్రాజెక్టు అదే.

కొలతలు ముందే రాసి పెడుతున్నాను, ఎందుకంటే పని చేస్తున్నంతసేపూ వీటి దగ్గరికే తిరిగి రావాలి. ఇంజన్ 2,993 సీసీ, ఒకే వరసలో ఆరు సిలిండర్లు, ఒక టర్బో. 4,000 ఆర్‌పీఎం దగ్గర 265 హార్స్‌పవర్. టార్క్ 620 న్యూటన్ మీటర్లు, అది 2,000 నుంచి 2,500 మధ్యలోనే అందుతుంది. గేర్‌బాక్సు జెడ్ఎఫ్ కంపెనీ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్. సున్నా నుంచి వందకి కంపెనీ చెప్పిన లెక్క 6.5 సెకన్లు. పొడవు 4,922 మిల్లీమీటర్లు, వెడల్పు 2,004, వీల్‌బేస్ 2,975. డీజిల్ ట్యాంకు 80 లీటర్లు, డిక్కీ 645 లీటర్లు. నాలుగు చక్రాలకూ ఎయిర్ సస్పెన్షన్. బరువు రెండు టన్నుల పైమాటే.

ఇన్ని అంకెల్లో హైదరాబాద్‌లో రోజూ గుర్తుకొచ్చేది వెడల్పు. రెండు మీటర్లు అద్దాలు కలపకుండానే. అద్దాలతో కలిపితే రెండుంబావు మీటర్లకు దగ్గర. మా అత్తగారిల్లు చిక్కడపల్లి సందులో. అక్కడికి ఈ బండి వెళ్లదు, వెళ్లకూడదు. మెయిన్ రోడ్డు మీదే పెట్టి నడిచి వెళ్తాం. కొనాలనుకునేవాళ్లు షోరూంలో సీట్ల తోలు తడిమి చూసేముందు తమ సెల్లార్‌లో స్తంభానికీ స్తంభానికీ మధ్య టేపు పెట్టి కొలుచుకోవాలి.

మిగతావీ చూశాను. బీఎస్6 (బండి పొగ మీద కొత్త, కఠినమైన నిబంధనలు) రాగానే ఆడి మన దేశంలో డీజిల్ ఆపేసింది, కాబట్టి డీజిల్ క్యూ7 కావాలంటే బీఎస్4 బండే గతి. వోల్వో అయితే ప్రపంచం మొత్తం మీద 2024లో డీజిల్ కార్ల తయారీకే స్వస్తి చెప్పింది, వాళ్ల చివరి డీజిల్ బండి ఎక్స్‌సీ90యే. మెర్సిడెస్ జీఎల్ఎస్ 400డి ఇంజన్ నాకు చాలా ఇష్టం, 700 న్యూటన్ మీటర్లు. కానీ 5.2 మీటర్ల పొడవు మా నల్లగండ్ల అపార్ట్‌మెంట్ ర్యాంపు మలుపులో పట్టదు. అలా ఎక్స్5 దగ్గర ఆగాను. మూడో వరస సీట్లు లేవు. అమ్మ, మేమిద్దరం, పిల్లలిద్దరు, అంతే కాబట్టి సరిపోయింది.

జనవరి, సంక్రాంతి తర్వాత

ఇంజన్ కంప్యూటర్ అంకెలు చదివే ఓబీడీ పోర్టుకి చిన్న డాంగిల్ పెట్టి ఫోన్‌లో బిమ్మర్‌లింక్ యాప్ తెరిచాను. బండి డ్యాష్‌బోర్డు మీద ఒక్క వార్నింగ్ లైటూ లేదు. యాప్‌లో మాత్రం డీపీఎఫ్‌లో పేరుకున్న మసి బాగా ఎక్కువగా కనిపిస్తోంది. చివరిసారి రీజనరేషన్ పూర్తయ్యాక నడిచిన దూరం కూడా ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ.

డీపీఎఫ్ అంటే సైలెన్సర్ దారిలో ఉండే మసి జల్లెడ. సన్నటి సిరామిక్ గొట్టాల కట్ట అది. ఒక గొట్టం ఈ చివర మూసుంటే దాని పక్క గొట్టం ఆ చివర మూసుంటుంది. పొగ గోడల్లోంచి దూరి అవతలికి పోవాలి, మసి గోడకే ఆగిపోవాలి. అలా ఆగిన మసిని ఎప్పటికప్పుడు కాల్చేయాలి, లేకపోతే జల్లెడ పూడుకుపోతుంది. హైవే మీద పొగ వేడి ఎక్కువ కాబట్టి కొంత మసి దానంతటదే మెల్లగా కాలిపోతుంది. చాలనప్పుడు ఇంజన్ కంప్యూటరే పూనుకుని, మంట అయిపోయాక మరికాస్త డీజిల్ చిమ్మి, పొగ వేడిని 600 డిగ్రీల దాకా తీసుకెళ్లి మసిని బూడిద చేస్తుంది. దాన్నే రీజనరేషన్ అంటారు.

చిక్కు ఏమిటంటే, ఆ పని పూర్తవడానికి ఆగకుండా పది ఇరవై నిమిషాల పరుగు కావాలి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర అది ఎక్కడ దొరుకుతుంది? మొదలవుతుంది, ఇల్లొస్తుంది, ఇంజన్ ఆపేస్తారు. మర్నాడు మళ్లీ మొదటికొస్తుంది. మసి పోకపోగా అదనంగా చిమ్మిన డీజిల్ కొంత సిలిండర్ గోడ వెంట జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పలచబడుతుంది. టర్బో బేరింగులు, క్రాంక్ బేరింగులు బతికేది ఆ ఆయిల్ మీదే. అంటే మసి సమస్య జల్లెడ దగ్గరే ఆగదు, ఇంజన్ లోపలికి పాకుతుంది. ఇది ఏ ఒక్క కంపెనీ తప్పూ కాదు. ఏ బీఎస్6 డీజిల్ బండిని తీసుకెళ్లి నాలుగు కిలోమీటర్ల బతుకులో పెట్టినా ఇదే జరుగుతుంది.

ఒక గ్యారేజీలో అడిగితే అక్కడి కుర్రాడు ఏ మాత్రం తడుముకోకుండా, “తీసేద్దాం సార్, లోపల కోసి ఖాళీ చేసి సాఫ్ట్‌వేర్ మార్చేస్తే లైఫ్‌లో టెన్షన్ ఉండదు” అన్నాడు. నాకు కోపం వచ్చింది. చట్టం ఒప్పుకోదన్న సంగతి అలా ఉంచితే, ఆ జల్లెడ ఆపుతున్నది మనం పీల్చే మసినే. మా పిల్లల స్కూలు గేటు ముందు రోజూ పొద్దున్న వరసగా నిలబడేవి ఇలాంటి పెద్ద బండ్లే. జల్లెడ కోసేసిన రెండు టన్నుల డీజిల్ బండిని అక్కడ ఆన్‌లో పెట్టి నిలబెట్టడం నావల్ల కాదు. బాగుచేసుకునే దారి ఉన్నప్పుడు అసలే కాదు.

జనవరి, చివరి ఆదివారం

తెల్లవారుజామున బయల్దేరి ఔటర్ ఎక్కాను. మన ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు, ఎనిమిది లేన్లు, సిగ్నళ్లు లేవు, టూవీలర్లు రావు, గరిష్ఠ వేగం 120. డీజిల్ జల్లెడ కోసమే ఎవరో కట్టించారా అనిపిస్తుంది. పక్క సీట్లో మా బావమరిది ఫోన్ పట్టుకుని అంకెలు చదువుతూ కూర్చున్నాడు.

గేర్లను ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కి మార్చి, ఎనిమిదో గేరులోకి పోనివ్వకుండా ఆరులో పెట్టాను. ఎనిమిదో గేరులో వంద మీద వెళ్తుంటే ఇంజన్ 1,400 దరిదాపుల్లోనే తిరుగుతుంది. సుఖంగా ఉంటుంది, డీజిల్ మిగులుతుంది, కానీ పొగ వేడి తక్కువ. ఆరులో పెడితే 2,000 దాటుతుంది. కొల్లూరు దాటి పటాన్‌చెరు వైపు వెళ్తుండగా మొదలైంది. “బావా, వేడి పెరుగుతోంది” అన్నాడు. జల్లెడ ముందర అప్పటిదాకా మూడు వందల చిల్లర ఉన్న ఉష్ణోగ్రత ఐదు వందలు దాటి, కాసేపటికి ఆరు వందల దగ్గర నిలబడింది. మసి గ్రాముల అంకె దిగడం మొదలైంది. కళ్ల ముందు దిగుతోంది. డ్రైవరు సీట్లో ఉన్నవాడికి మాత్రం ఏమీ తెలియదు. స్క్రీన్ మీద గుర్తు రాదు, ఇంజన్ చప్పుడు మారదు. మైలేజి అంకె కాస్త తగ్గుతుంది, ఆ లోపల ఎక్కడైనా ఆగితే ఐడిలింగ్ కొద్దిగా ఎక్కువగా ఉంటుంది, ఆటో స్టార్ట్-స్టాప్ పనిచేయదు. యాప్ లేనివాళ్లు పట్టుకోగలిగే ఆనవాళ్లు ఇవే. ఇంటికొచ్చి ఇంజన్ ఆపాక కూడా ఫ్యాన్ హోరున తిరుగుతుంటే పని మధ్యలో ఆగిందని అర్థం. వీలైతే ఇంకో చుట్టు వేసి రావడం మంచిది.

శామీర్‌పేట దాటేసరికి మసి అంకె అడుగుకు చేరింది. ఘట్‌కేసర్ దాకా వెళ్లి తిరిగొచ్చాం. వచ్చేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కగానే తేడా తెలిసింది. అంతకుముందు 1,500 దగ్గర తొక్కితే ఒక క్షణం ఆలోచించి కదిలేది. ఇప్పుడు ఆ ఆలోచన లేదు. పొగకు దారి దొరికితే టర్బో త్వరగా తిరుగుతుంది, టర్బో త్వరగా తిరిగితే టార్క్ త్వరగా అందుతుంది. 620 న్యూటన్ మీటర్లని బ్రోషర్‌లో రాస్తారు. అది అందాలంటే జల్లెడ ఊపిరి తీసుకోగలగాలని ఎక్కడా రాయరు.

ఇక నుంచి వారంలో ఒకసారి ఔటర్. ఇది ఇంటి పనుల జాబితాలో చేరిపోయింది.

ఫిబ్రవరి

టైర్లు. ముందువి ఒక కంపెనీ, వెనకవి ఇంకో కంపెనీ. ముందువాటి అరుగుదల వెనకవాటికంటే చాలా ఎక్కువ. మామూలు బండికైతే ఇంకో ఆర్నెల్లు లాగించవచ్చు. ఎక్స్‌డ్రైవ్‌కి కుదరదు. ఇందులో ఇంజన్ బలం ఎక్కువగా వెనక చక్రాలకే వెళ్తుంది. ముందు చక్రాలకు ఎంత పంపాలో ట్రాన్స్‌ఫర్ కేసులోని క్లచ్ ప్లేట్లు నిర్ణయిస్తాయి. ముందు టైరు అరిగి చుట్టుకొలత తగ్గితే, తిన్నటి రోడ్డు మీద కూడా ముందు వెనకల తిరుగుడులో తేడా వస్తుంది. ఆ తేడాని క్లచ్ ప్లేట్లు రాసుకుంటూ భరించాలి. కొన్ని వేల కిలోమీటర్లు అలా భరిస్తే ట్రాన్స్‌ఫర్ కేసు ఖర్చుతో పోలిస్తే టైర్ల ఖర్చు ఏ మూలకూ రాదు.

కాబట్టి నాలుగూ ఒకేసారి, ఒకే కంపెనీవి, ఒకే మోడల్. మా రిమ్ములు 19 అంగుళాలు, టైరు 265/50. బీఎండబ్ల్యూ కోసం చేసిన టైర్ల పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉంటుంది, అది చూసి తీసుకున్నాను. రన్‌ఫ్లాటే వేయించాను. గాలి పూర్తిగా పోయినా 80 వేగం మించకుండా ఓ 80 కిలోమీటర్లు నడుస్తుంది. రాత్రిపూట నల్లమలలో పంక్చరైతే పిల్లల్ని దింపి జాకీ పెట్టే పరిస్థితి నాకొద్దు. మెత్తదనం కొంత పోతుంది, ఒప్పుకుంటాను. హఫీజ్‌పేట ఫ్లైఓవర్ జాయింట్ల మీద టక్ టక్ మని తెలుస్తుంది. ఎయిర్ సస్పెన్షన్ పెద్ద ఎగుడుదిగుళ్లను మింగేస్తుంది కానీ ఇలాంటి చిన్న, పదునైన దెబ్బలను రన్‌ఫ్లాట్ గోడ గట్టిదనం లోపలికి పంపుతుంది.

అలైన్‌మెంట్ చేయించాక స్టీరింగు సరిగ్గా మధ్యకొచ్చింది.

మార్చి

బ్యాటరీ. డిక్కీ అడుగున ఉంటుంది. తక్కువ దూరాల బతుకు దీన్నీ వదల్లేదు. చార్జయ్యే తీరిక లేక నీరసించింది. కొత్త ఏజీఎం బ్యాటరీ వేశాను. వేశాక స్కానర్‌తో కొత్త బ్యాటరీ పెట్టామని బండికి నమోదు చేయాలి, లేకపోతే ముసలి బ్యాటరీకి ఇచ్చినట్టే దీనికీ చార్జింగ్ ఇస్తూ పోతుంది. బయట చాలామంది ఈ మెట్టు దాటేస్తారు, అడిగి చేయించుకోండి.

ఏప్రిల్

రీడింగ్ 81 వేలు దాటింది. గేర్‌బాక్సు ఆయిల్ మార్చాల్సిన సమయం. బండి కంపెనీ పుస్తకంలో దీనికి గడువంటూ లేదు. గేర్‌బాక్సు తయారుచేసిన జెడ్ఎఫ్ మాత్రం 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు మార్చమంటుంది. నేను తయారుచేసినవాళ్ల మాటే వింటాను. హైదరాబాద్ ఎండలో, ఐకియా జంక్షన్‌లో ఇంచు ఇంచుగా పాకే బండికి అయితే ఆ పరిధిలో మొదటి అంకె దగ్గరే మార్చడం న్యాయం.

టార్క్ రెంచ్, చేతి పంపు రాణిగంజ్‌లో కొన్నాను. పని బాలానగర్‌లో తెలిసిన అన్న గ్యారేజీలో, ఆయన లిఫ్ట్ మీద. ఆయన పక్కనుండి చూస్తుంటే చేయి నాది. మొదటి సూత్రం ఆయనే చెప్పాడు: “ముందు నింపే బోల్టు తెరువు తమ్మీ, తర్వాతే ఖాళీ చేసే బోల్టు.” నింపే బోల్టు తుప్పుపట్టి ఊడకపోతే, ఆయిల్ పారబోసిన బండి లిఫ్ట్ మీదే ఉండిపోతుంది. మాది సులువుగానే ఊడింది.

ఈ గేర్‌బాక్సు అడుగు ట్రే ప్లాస్టిక్‌ది, ఫిల్టర్ అందులోనే అతికి ఉంటుంది. ఫిల్టర్ మార్చాలంటే ట్రే మొత్తం మార్చాలి. బయటికొచ్చిన ఆయిల్ ముదురు గోధుమ రంగులో ఉంది, మాడు వాసన లేదు. ట్రేలో ఉన్న అయస్కాంతాల మీద సన్నటి బూడిద రంగు పేస్టు. వేలికి రాసి వెలుతురులో చూశాను, ఇనుప రజను మెరుపు తప్ప ముక్కలు తగల్లేదు. ఆ వయసుకి అది మామూలే. అక్కడ నిజంగా తేలికపడ్డాను. ఇంజన్ మసిని ఔటర్ మీద కాల్చవచ్చు, గేర్‌బాక్సులో క్లచ్ ముక్కలు కనబడితే ఆ దారి లేదు.

ట్రే బోల్టులు అల్యూమినియంవి. చేతి బలం చూపిస్తే తెగుతాయి. కొత్తవే వేసి, మధ్య నుంచి అంచులకు వరసగా, టార్క్ రెంచ్‌తో కొద్దికొద్దిగా బిగించాను.

ఆ తర్వాతే అసలు నేర్పు. ఈ గేర్‌బాక్సుకి డిప్‌స్టిక్ ఉండదు. ఇంజన్ ఆన్‌లో ఉండగా, గేర్లన్నీ ఒక్కొక్కటిగా మార్చి చూశాక, లోపలి ఆయిల్ 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు, నింపే రంధ్రంలోంచి సన్నటి ధారగా కారడం మొదలైతే మట్టం సరిపోయినట్టు. వేడికి ఆయిల్ వ్యాకోచిస్తుంది, 50 దాటాక చూస్తే తప్పు మట్టం వస్తుంది. యూరప్‌లో చేసేవాళ్లకు ఆ 30 దాకా వేడెక్కే వరకు ఎదురుచూడటం పని. ఇక్కడ ఏప్రిల్ మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద ఉన్న ఆయిల్ డబ్బాయే 40 దగ్గరుంటుంది. ఇంజన్ ఆన్ చేసిన కాసేపటికే గడువు అయిపోతుంది. అందుకే రాత్రి బండిని అక్కడే వదిలేసి, పొద్దున్న ఆరింటికి షట్టర్ తీయించి మొదలుపెట్టాం. తీరిగ్గా, తొందర లేకుండా మట్టం చూసుకున్నాం. టార్క్ కన్వర్టర్‌లో ఉన్న పాత ఆయిల్ ఇలా చేస్తే రాదు, సగం పైచిలుకే మారుతుంది. నాకు అది చాలు. మరో 40 వేలకు మళ్లీ మారుస్తాను.

ఆయిల్ మార్చాక గేర్లు ఇంకా మృదువయ్యాయని అందరూ రాస్తారు. ఈ బండిలో ముందూ మృదువే. తేడా ఒక్కచోటే తెలిసింది. ట్రాఫిక్‌లో బ్రేకు మీద నెమ్మదించేటప్పుడు మూడు నుంచి రెండుకి దిగే చిన్న కుదుపు పోయింది.

మే

యాడ్‌బ్లూ గురించి రెండు ముక్కలు. యూరియా 32.5 శాతం, మిగతాది శుద్ధమైన నీళ్లు. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను విడగొట్టడానికి వాడతారు. ఇది అయిపోతే బండి మళ్లీ స్టార్ట్ కానివ్వదు, కాబట్టి చాలామంది చవగ్గా వస్తుందని పెద్ద బకెట్లు కొని ఇంట్లో పెట్టుకుంటారు. కానీ దీనికి వేడి పడదు. 25 డిగ్రీల్లో దాస్తే ఏడాదిన్నర ఉంటుంది, 35 డిగ్రీల్లో ఆరు నెలలే. మన ఎండాకాలంలో మేడ మీద గదిలో పెడితే అంతకంటే ముందే పాడవుతుంది. నేను కావలసినంతే కొని, సెల్లార్‌లో నేల మీద ఉంచుతున్నాను. అదీ డబ్బా మీద తయారీ తేదీ చూశాకే.

జూన్, తొలకరి

శ్రీశైలం వెళ్లొచ్చాం. ఇన్నాళ్ల పనికి ఇదే పరీక్ష. అమ్మ మొక్కు ఎప్పటినుంచో ఉంది.

తుక్కుగూడ దగ్గర ఔటర్ దిగి శ్రీశైలం హైవే. అమ్మ ఎక్కేటప్పుడు కన్సోల్‌లోని మీటతో బండిని కిందికి దించాను. సస్పెన్షన్ మామూలు ఎత్తు నుంచి పైకి 40, కిందికి 40 మిల్లీమీటర్లు కదలగలదు. నాలుగు సెంటీమీటర్లంటే ఏముందనిపిస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు చాలా ఉంది. “ఈసారి పట్టుకోనక్కర్లేదు నాన్నా” అని అమ్మే ఎక్కి కూర్చుంది. డిక్కీ తలుపు పైకొక ముక్క, కిందికొక ముక్కగా తెరుచుకుంటుంది. కడ్తాల్ దగ్గర ఆగినప్పుడు ఆ కింది పలక మీద కూర్చుని పిల్లలు పులిహోర తిన్నారు.

కల్వకుర్తి దాకా తిన్నటి రోడ్డు. ఇక్కడ ఈ బండి స్వభావం మొదటి ముఖం కనిపిస్తుంది: ఏమీ జరగనట్టు ఉండటం. వంద మీద 1,400 ఆర్‌పీఎం, లోపల పిల్లల మాటలు తప్ప వేరే చప్పుడు లేదు. వరసగా ఉన్న ఆరు సిలిండర్ల ఇంజన్‌లో పిస్టన్లు ఒకదాని ఊపును ఒకటి పూర్తిగా రద్దు చేసుకుంటాయి. నాలుగు సిలిండర్లలో మిగిలిపోయే వణుకును ఆపడానికి వేసే బ్యాలెన్స్ షాఫ్టుల అవసరం దీనికి లేదు. డీజిల్ అయినా వణకకపోవడానికి కారణం అది, లోపల అద్దిన దూది కాదు. లారీని దాటాలంటే గేరు దిగాల్సిన పని కూడా చాలాసార్లు పడదు. పాదం కొంచెం నొక్కితే చాలు, వెనక నుంచి ఎవరో నింపాదిగా నెట్టినట్టు ముందుకెళ్తుంది. ఇంకా నొక్కితే రెండు మూడు గేర్లు ఒకేసారి దిగి 2,500 దగ్గర నిలబడుతుంది. ఆ పైన 4,000 దాకా లాగితే చప్పుడు పెరుగుతుంది కానీ లాభం అంతగా పెరగదు. దీన్ని 2,500 కింద నడపడమే తెలివి. 6.5 సెకన్ల అంకె నాకు ఒక్కసారీ అవసరపడలేదు. 60 నుంచి 100కి ఎదురుగా వచ్చే బస్సు కనబడేలోపు చేరడం మాత్రం చాలాసార్లు అవసరపడింది.

మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అడవి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున్న ఆరు దాకా మూసేస్తారు కాబట్టి సమయం చూసుకుని బయల్దేరాలి. లోపల నెమ్మదిగా వెళ్లాలి, హారన్ కొట్టకూడదు. 30, 40 వేగంలో ఈ బండి ఇంకా బాగుంది. కిటికీలు దించాం. ముందురోజు వాన పడినట్టుంది, తడి మట్టి వాసన. పెద్దది జింకను చూపించింది, చిన్నోడికి కనబడలేదని అలిగాడు.

దోమలపెంట దాటాక కృష్ణ వైపు దిగే ఘాట్‌లో రెండో ముఖం. రెండు టన్నులని మర్చిపోనివ్వదు. మలుపులో ముందు బరువు బయటికి లాగుతుంది, తర్వాత వెనక చక్రాలకు వెళ్లే బలం మెల్లగా ముక్కును లోపలికి తిప్పుతుంది. స్పోర్ట్ మోడ్‌లో పెడితే బండి కొంచెం కిందికి దిగి, ఒరగడం తగ్గుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది. కానీ స్టీరింగులో రోడ్డు కబురు ఎక్కువగా అందదు. వెళ్లమన్న చోటికి కచ్చితంగా వెళ్తుంది, అక్కడి నేల ఎలా ఉందో మాత్రం చెప్పదు. నడపడాన్ని ఇష్టపడేవాళ్లకు ఇది చిన్న లోటే. వెనక సీట్లో వాంతులు చేసుకునే పిల్లలున్న నాకు కంఫర్ట్ మోడే నచ్చింది. ఒరుగుతుంది కానీ నెమ్మదిగా, ముందే చెప్పి ఒరిగినట్టు ఒరుగుతుంది. చిన్నోడు మొదటిసారి ఆ ఘాట్ అంతా కవరు అడగకుండా వచ్చాడు.

దిగేటప్పుడు స్టీరింగు వెనక ప్యాడిల్‌తో గేరు రెండు, మూడులో పెట్టాను. డీజిల్ ఇంజన్ పెట్రోలు ఇంజన్ అంత గట్టిగా పట్టి ఆపదు, గాలి దారి తెరిచే ఉంటుంది కాబట్టి. అందుకే పెట్రోలు బండిలో మూడో గేరు పెట్టేచోట ఇందులో రెండు పెట్టాలి. ఇంత బరువును బ్రేకుల మీదే దింపితే కిందికి చేరేసరికి కాలిన వాసన వస్తుంది. ముందు వెళ్తున్న ఒక బండి నుంచి వచ్చింది కూడా. మా డిస్కులు డ్యాం దగ్గర ఆగినప్పుడు చూస్తే బాగానే ఉన్నాయి.

మైలేజి వెళ్లిరావడానికి కలిపి లీటరుకు 14 వచ్చింది. సిటీలో ఎనిమిదికి మించడం లేదు.

జూలై, మొదటి వారం

ఇంజన్ ఆయిల్ మార్చాను. కంపెనీ గడువు ఇంకా ఉంది, స్క్రీన్ కూడా అదే చెబుతోంది. నేను ముందే మారుస్తున్నాను. కారణం జనవరిలో రాసిందే, ఆయిల్‌లో కలిసే డీజిల్. వాడింది బీఎండబ్ల్యూ వాళ్ల ఎల్ఎల్-04 ఆమోదం ఉన్న ఆయిల్. ఆ ఆమోదం చూడకుండా ఖరీదైన ఆయిల్ అని ఏదో ఒకటి పోస్తే కుదరదు. మసిని కాల్చవచ్చు కానీ ఆయిల్‌లోని రసాయనాలు కాలితే మిగిలే బూడిద కాలదు, జల్లెడలోనే శాశ్వతంగా ఉండిపోతుంది. ఎల్ఎల్-04 రకం ఆయిల్‌లో ఆ బూడిద తక్కువ.

మార్చేముందు ఆయిల్ మట్టం స్క్రీన్ మీద చూశాను. డిప్‌స్టిక్ లేదు, ఇంజన్ వేడెక్కాక మెనూలోకి వెళ్లి కొలవాలి. డిసెంబరులో గరిష్ఠ గీతకు పైన ఉన్నది, ఫిబ్రవరిలో ఒకసారి ఆయిల్ మార్చినప్పటి నుంచి గీత కింద కదలకుండా ఉంది. అంటే డీజిల్ కలవడం ఆగినట్టే. రీజనరేషన్ల మధ్య దూరం కూడా డిసెంబరుతో పోలిస్తే రెండింతలకు పైనే. బూడిద అంకె ఏమాత్రం తగ్గదు, అది తగ్గేది కాదు. పాత హైవే కిలోమీటర్ల లెక్కకు తగ్గట్టే ఉంది.

మిగిలిన పనులు: ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిల్, ముందు సస్పెన్షన్ కింది ఆర్మ్ రబ్బరు బుష్‌లు (ఎడమవైపుది పగుళ్లు వేస్తోంది, స్పీడ్ బ్రేకర్ మీద చిన్న శబ్దం), ఎయిర్ ఫిల్టర్. తెల్లాపూర్, కొల్లూరు వైపు కట్టడాల దుమ్ముకి ఫిల్టరు పుస్తకంలో రాసినంతకాలం ఆగదు, తీసి దులిపితే అరచేయి నిండింది. బుష్‌లు ఆర్డరు పెట్టాను. అవి రాగానే బాలానగర్ అన్న లిఫ్ట్ ఖాళీ చూసుకుని ట్రాన్స్‌ఫర్ కేసు పనితో కలిపి చేస్తాను.